తెర వెడల్పుకు తగిన పుట: సెల్‌ఫోనులో తెలుగు వెబ్‌సైటు చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు

– వెబ్ పుట స్థిరమైన వెడల్పును వదిలి, తెరను బట్టి మారే వెడల్పుకు ఏ దశల్లో చేరిందో వివరించగలుగుతారు.
– తెలుగు అక్షరాలు కంప్యూటరు నుంచి ఫోనుకు చేరిన క్రమాన్ని చెప్పగలుగుతారు.
– ఒక తెలుగు వెబ్‌సైటు ఫోనులో, ట్యాబ్లెట్‌లో సక్రమంగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించగలుగుతారు.

7.1 పరిచయం

కడపకు, పులివెందులకు మధ్యనున్న పెండ్లిమర్రి మండలంలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. పంట రుణం కోసం ఆయన తన భూమి వివరాలు చూసుకోవాలి. ఇంట్లో కంప్యూటరు లేదు. చేతిలో ఫోను ఉంది. వెబ్‌సైటు తెరిచాడు. అక్షరాలు చీమల బారులా కనిపించాయి. వేళ్ళతో పెద్దది చేస్తే సర్వే నంబరు కనిపిస్తుంది కానీ, దాని పక్కనున్న పేరు తెర దాటి పోతుంది. నొక్కవలసిన బటన్ పక్కన మరో రెండు బటన్లు ఉన్నాయి. వేలు ఒకదానికి బదులు మరొకదాని మీద పడుతుంది. చివరికి ఆయన దగ్గరలోని ఇంటర్నెట్ దుకాణానికి వెళ్ళి, తన ఆధార్ నంబరును, ఫోనుకు వచ్చిన ఓటీపీని అక్కడివారికి చెప్పి పని చేయించుకుంటాడు.

ఇక్కడ రైతు పోగొట్టుకున్నవి డబ్బు, సమయం మాత్రమే కాదు. తన వివరాలను తానే చూసుకునే అవకాశం కూడా పోయింది. సమాచారం వెబ్‌సైటులో ఉన్నా, అది ఆయనకు అందలేదు. 'ఉండటం', 'అందటం' అనే ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే ఈ పాఠ్యభాగం.

ఈ చరిత్రలో రెండు పాయలున్నాయి. ఒకటి పుట అమరికకు సంబంధించినది: ఒకే పుట చిన్న తెర మీద, పెద్ద తెర మీద ఎలా ఇమడాలి? రెండవది లిపికి సంబంధించినది: తెలుగు అక్షరం ప్రతి తెర మీద అక్షరంలాగే ఎలా కనిపించాలి? ఇంగ్లీషు పాఠకులకు మొదటి ప్రశ్న ఒక్కటే ఎదురైంది. మనకు రెండూ ఎదురయ్యాయి. రెండింటిలో ఏ ఒక్కటి తీరకపోయినా తెలుగు పాఠకునికి పుట అందదు.

7.2 పుట కొలతను నిర్ణయించేది ఏది?

వెబ్ గురించి తెలుసుకునే ముందు, రాత ఏ వస్తువు మీద ఉంటే ఆ వస్తువే పుట వెడల్పును నిర్ణయిస్తుందని గమనించాలి. దీనికి ఉదాహరణలు కడప జిల్లాలోనే దొరుకుతాయి.

యర్రగుంట్ల మండలం కలమళ్ళలో రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం సుమారు సా.శ. 575 నాటిది. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా దీన్ని చరిత్రకారులు పేర్కొంటారు. రాతి శాసనాల్లో బండ వెడల్పు అయిపోయిన చోట వరుస ఆగుతుంది. అక్కడ పదం పూర్తి అయిందా లేదా అన్నది శిల్పి చూడడు. తాళపత్రం విషయం వేరు. ఆకు పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి వరుసలు కొద్ది, వాటి పొడవు ఎక్కువ. పద్యాలను కూడా పాదాలుగా విడగొట్టకుండా వరుసగా రాసుకుంటూ పోయేవారు.

1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత కాగితం మీదికి ఎక్కించి, వాటిలో కొన్నింటిని అచ్చు వేయించాడు. 1829లో వేమన పద్యాలను ప్రచురించాడు. ఆకు మీద ఒకే బారుగా ఉన్న పద్యం అచ్చు పుస్తకంలో పాదాలుగా విడిపోయి పుట నడుమ నిలబడింది. పద్యం మారలేదు, దాని అమరిక మారింది.

రాయి, ఆకు, కాగితం – ఈ మూడింటికీ ఒక సమాన లక్షణం ఉంది. రాసేవాడు రాయడానికి ముందే పుట వెడల్పు అతనికి తెలుసు. వెబ్‌లో ఈ పరిస్థితి తలకిందులైంది. పుట తయారుచేసేవారికి దాన్ని ఎవరు ఎంత వెడల్పు తెర మీద చదువుతారో తెలియదు. ఆ వెడల్పు చదివేవారి చేతిలో ఉంటుంది. ఈ మార్పును అంగీకరించడానికి వెబ్ రూపకర్తలకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

7.3 వెబ్ మొదటి దశాబ్దం: స్థిరమైన వెడల్పు

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1991లో తొలి వెబ్‌సైటు బయటి ప్రపంచానికి అందుబాటులోకి వచ్చింది. ఆ తొలి పుటల్లో శీర్షికలు, పేరాలు, లింకులు తప్ప మరేమీ లేవు. వాటికి నిర్ణీత వెడల్పు లేదు. కిటికీని చిన్నది చేస్తే వరుసలు చిన్నవయ్యేవి, పెద్దది చేస్తే పెద్దవయ్యేవి. అంటే వెబ్ పుట పుట్టుకతోనే తెరకు ఇమిడే గుణం కలది.

ఈ గుణాన్ని తీసివేసింది రూపకర్తలే. 1990ల మధ్యలో వ్యాపార సంస్థలు, పత్రికలు వెబ్‌లోకి వచ్చాయి. అచ్చు పత్రికలో ఉన్నట్టే వెబ్‌లోనూ నిలువు వరుసలు, పెట్టెలు, బొమ్మలు కచ్చితంగా ఒకే చోట ఉండాలని కోరుకున్నాయి. దీనికోసం పట్టికలను వాడి, వాటి వెడల్పును పిక్సెళ్ళలో బిగించారు. తెర మీది అతి చిన్న చుక్కను పిక్సెల్ అంటారు. మొదట 640, తరవాత 800, ఆ తరవాత 1024 పిక్సెళ్ళ వెడల్పున్న తెరలు వాడుకలోకి రావడంతో పుటలు కూడా వాటి వెంట పెరిగాయి. 'ఈ వెబ్‌సైటును 800 × 600 తెర మీద చూడండి' అనే సూచనలు ఆ కాలపు పుటల అడుగున కనిపించేవి. పాఠకుడే పుటకు తగినట్టు మారాలన్నది ఈ సూచన అర్థం.

పుట రూపాన్ని విషయం నుంచి వేరుచేయడానికి హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించిన సీఎస్ఎస్ అనే పద్ధతి 1996లో ప్రమాణంగా వెలువడింది. 2000 ఏప్రిల్‌లో జాన్ ఆల్సాప్ అనే ఆస్ట్రేలియా రూపకర్త ఒక వ్యాసం రాస్తూ, అచ్చు పుట మీద ఉన్న అదుపును వెబ్ మీద ఆశించడం తగదని, మారే గుణమే వెబ్ బలమని వాదించాడు. అప్పటికి తెరలన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండడం వల్ల ఈ వాదన అవసరం చాలామందికి తెలిసిరాలేదు.

7.4 ఫోనులోకి వెబ్: తొలి ప్రయత్నాలు

మన దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు అదే ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలయ్యాయి. రెండూ పదిహేను రోజుల తేడాతో వచ్చాయి. కానీ అవి సరిగా కలుసుకోవడానికి సుమారు పదిహేనేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో జరిగిన ప్రయత్నాలను నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

(అ) వ్యాప్: 1998లో వెలువడిన ఈ పద్ధతిలో ఫోను కోసం వేరే భాషలో వేరే పుటలు తయారుచేయాలి. 1999లో వచ్చిన నోకియా 7110 ఈ పద్ధతితో వచ్చిన మొదటి ఫోను. ఫోనులో కనిపించేది అసలు వెబ్ కాదు, దాని చిన్న నకలు.

(ఆ) సర్వరు సహాయం: 2006లో ప్రపంచవ్యాప్తంగా విడుదలైన ఒపెరా మినీ బ్రౌజరు, పుటను ముందుగా తన సర్వరులో కుదించి ఫోనుకు పంపేది. తక్కువ వేగం, తక్కువ ధర ఫోన్లు ఉన్న మన దేశంలో ఇది బాగా వ్యాపించింది.

(ఇ) మొత్తం పుటను చిన్నదిగా చూపడం: 2007లో వచ్చిన ఐఫోను తెర వెడల్పు 320 పిక్సెళ్ళు. అయినా దానిలోని సఫారీ బ్రౌజరు తన తెర 980 పిక్సెళ్ళు ఉన్నట్టు భావించి పుటను పరిచి, తరవాత దాన్ని కుదించి చూపేది. చదువరి వేళ్ళతో పెద్దది చేసుకోవాలి. అయితే 'నా పుటను అసలు తెర వెడల్పులోనే పరుచు' అని రూపకర్త బ్రౌజరుకు చెప్పడానికి ఆపిల్ 'వ్యూపోర్ట్' అనే ఒక చిన్న ఆదేశాన్ని కూడా ఇచ్చింది. ఈ ఒక్క వరుస లేకపోవడం వల్లనే నేటికీ కొన్ని పుటలు ఫోనులో చీమల బారుల్లా కనిపిస్తాయి.

(ఈ) రెండు వెబ్‌సైట్లు: కంప్యూటరుకు ఒకటి, ఫోనుకు ఒకటి. దీనివల్ల ప్రతి మార్పునూ రెండు చోట్ల చేయాలి. ఒకచోట మరిచిపోతే ఫోను పాఠకులకు పాత సమాచారమే మిగులుతుంది. పైగా ట్యాబ్లెట్ ఈ రెండింటిలో దేనికి చెందుతుందో తేలదు. 2010లో ఐప్యాడ్ రావడంతో ఈ చిక్కు స్పష్టమైంది.

7.5 2010: ఒకే పుట, అన్ని తెరలు

2010 మే 25న ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ రూపకర్త ప్రచురించిన వ్యాసంలో 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే పేరు మొదటిసారి కనిపించింది. తెరకు స్పందించే రూపకల్పన అని దీన్ని తెలుగులో చెప్పుకోవచ్చు. దీనిలో మూడు అంశాలున్నాయి.

మొదటిది, శాతాల్లో కొలతలు. 960 పిక్సెళ్ళ పుటలో వార్త వెడల్పు 600 పిక్సెళ్ళు అనుకోండి. 600ను 960తో భాగించి 62.5 శాతం అని రాస్తే, తెర ఎంత మారినా ఆ నిష్పత్తి నిలుస్తుంది.

రెండవది, ఇమిడే బొమ్మలు. ఏ బొమ్మా తనకు కేటాయించిన పెట్టె వెడల్పును మించకూడదని ఒకే నియమం పెడతారు.

మూడవది, తెరను అడిగి తెలుసుకోవడం. 'తెర 600 పిక్సెళ్ళకన్నా తక్కువ ఉంటే రెండు నిలువు వరుసలను ఒకదాని కింద ఒకటి పెట్టు' వంటి షరతులను మీడియా క్వెరీలు అంటారు. ఇవి 2012 జూన్‌లో అధికారిక ప్రమాణంగా స్థిరపడ్డాయి.

ఈ మూడింటిలో ఏదీ అప్పుడు కొత్తగా కనిపెట్టినది కాదు. వాటిని ఒకే ఆలోచన కింద కలపడమే మార్కాట్ చేసిన పని. ఇంచుమించు అదే కాలంలో లూక్ రొబ్లెవ్‌స్కీ 'ముందు ఫోను' అనే సూత్రాన్ని ప్రతిపాదించాడు. పెద్ద పుటను తగ్గించుకుంటూ రావడం కాక, చిన్న తెరకు అత్యవసరమైనది ముందు నిర్ణయించి, పెద్ద తెరకు విస్తరించాలన్నది దాని సారాంశం. 2011 సెప్టెంబరులో అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ పత్రిక తన వెబ్‌సైటును ఈ విధానంలో పునర్నిర్మించింది. ఒక పెద్ద దినపత్రిక కూడా ఒకే వెబ్‌సైటుతో అన్ని తెరలకూ చేరగలదని దీనితో రుజువైంది.

7.6 రెండవ పాయ: తెలుగు అక్షరం ఫోనుకు చేరిన క్రమం

అమరిక సమస్య ఇలా పరిష్కారమవుతున్న కాలంలో తెలుగు పాఠకులు మరో సమస్యతో ఉన్నారు. 1990ల చివర తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఒక్కొక్కటి తన సొంత ఫాంటును వాడింది. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు ముక్కలను పెట్టడం వీటి పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపించేవి. ఫోనులోకి ఫాంటు ఎక్కించుకునే వీలు అసలే లేదు.

దీనికి విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. పోతన 2000, వేమన 2000 వంటి ఫాంట్లు వాడుకలోకి వచ్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంట్లలోని పత్రికలను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' వంటి ఉపకరణాలను తెలుగువారే తయారుచేసుకున్నారు.

ఫోనుకు యూనికోడ్ సంకేతాలు తెలిస్తే సరిపోదు. 'స్త్రీ' అనే మాటను చూడండి. మనకు అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. ఆ ఆరింటిని కలిపి వత్తులను కిందికి, గుడిని పైకి చేర్చే పనిని ఫోను చేయాలి. చాలా ఫోన్లకు ఇది తెలియక ఖాళీ పెట్టెలు చూపేవి. ఆ రోజుల్లో ఒపెరా మినీ వాడేవారు దాని సెట్టింగుల్లో ఒక మార్పు చేసుకుంటే, సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. ఫాంటు లేని ఫోనులో తెలుగు చదవడానికి అదొక ఉపాయం. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 నుంచి కన్నడ, తెలుగు, మలయాళ లిపులకు మద్దతు లభించడంతో ఈ ఇబ్బంది క్రమంగా తగ్గింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తొలి వెబ్ పుటలకు, 1990ల చివరి పుటలకు ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
2. 'స్త్రీ' అనే అక్షరాన్ని చూపడానికి ఫోను ఏమి చేయాలి?

7.7 రెండు పాయలు కలిసిన కాలం

2015 నుంచి 2018 వరకు ఉన్న కాలాన్ని ఈ రెండు పాయలు కలిసిన కాలంగా భావించవచ్చు. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్, ఫోనులో చదవడానికి అనువైన పుటలకు ఫోను వెతుకులాటలో ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో భూమి రికార్డులను చూసుకునేందుకు మీభూమి వెబ్‌సైటు ప్రారంభమైంది. 2011లో మొదలైన మీసేవ పద్ధతిలో పౌరుడు కేంద్రానికి వెళ్ళి, అక్కడి ఉద్యోగి కంప్యూటరు ద్వారా సేవ పొందేవాడు. ఇప్పుడు పౌరుడే నేరుగా పుటను తెరిచే దశ వచ్చింది.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమై డేటా ధరలు బాగా తగ్గాయి. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచవ్యాప్తంగా ఫోన్లు, ట్యాబ్లెట్ల ద్వారా వెబ్ వాడకం మొదటిసారి కంప్యూటర్ల వాడకాన్ని మించిందని స్టాట్‌కౌంటర్ సంస్థ లెక్కించింది. ఆ వాటా 51.3 శాతం. మన దేశంలో అమ్మే ఫోన్లలో భారతీయ భాషలను చదివే వీలు ఉండాలన్న ప్రమాణాన్ని కూడా (ఐఎస్ 16333, మూడవ భాగం) భారత ప్రమాణాల సంస్థ ఈ కాలంలోనే రూపొందించింది.

అయితే 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన తెలుగు లిపికి ఇంకా పూర్తి రక్షణ లేదని చూపింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో వస్తే, దాన్ని చూపబోయిన ఐఫోన్లలో సందేశాల యాప్‌లు ఆగిపోయేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దీన్ని సరిచేసింది. కోట్లమంది రాసే ఒక మామూలు సంయుక్తాక్షరం తగినన్ని పరీక్షలకు గురి కాలేదని దీనివల్ల తెలిసింది. మీరు ఏ వెబ్‌సైటు తయారుచేసినా, నిజమైన తెలుగు వాక్యాలతో, నిజమైన ఫోనులో పరీక్షించాలన్నది ఇక్కడి పాఠం.

7.8 తెలుగు పుటకు ప్రత్యేకమైన జాగ్రత్తలు

ఇంగ్లీషు కోసం తయారైన నమూనాలో తెలుగు నింపినంత మాత్రాన పుట పనిచేయదు. కింది విషయాలను గుర్తుంచుకోండి.

వరుసల మధ్య ఎడం: తెలుగులో గుణింతాలు పైకి, వత్తులు కిందికి వెళతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఎడం పెంచాలి.

పొడవైన మాటలు: తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి. 'దరఖాస్తుదారులందరికీ' అన్నది ఒకే మాట. సన్నని బటన్‌లో అది పట్టదు. బటన్ వెడల్పును బిగించకుండా, మాటకు తగినట్టు పెరగనివ్వాలి. లేదా చిన్న మాట ఎంచుకోవాలి.

అక్షరాల మధ్య ఖాళీ: ఇంగ్లీషు శీర్షికల్లో అందం కోసం అక్షరాలను ఎడంగా పెడతారు. తెలుగులో అలా చేస్తే అక్షరాల పొందిక చెడుతుంది.

బొమ్మగా పెట్టిన రాత: కాగితాన్ని స్కాన్ చేసి పుటలో పెట్టడం మన దగ్గర ఎక్కువ. ఇది రెండు పాయలనూ ఒకేసారి వెనక్కి తిప్పుతుంది. బొమ్మలోని వరుసలు తెరకు తగినట్టు విరగవు; దానిలోని అక్షరాలను వెతకలేం, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా దాన్ని చదవలేదు. పరిమాణంలోనూ తేడా ఎక్కువ. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 2,000 సంకేతాలున్న పుటకు సుమారు 6,000 బైట్లు చాలు. అదే పుట స్కాన్ బొమ్మ తేలికగా దానికి పదుల రెట్లు ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న పల్లెలో ఈ తేడా పుట తెరుచుకోవడానికి, తెరుచుకోకపోవడానికి మధ్య తేడా అవుతుంది.

పట్టికలు: పది నిలువు గడులున్న భూమి పట్టిక ఫోనులో ఇమడదు. ఒక్కొక్క వరుసను ఒక చిన్న కార్డులా మార్చి, గడి పేరు, విలువ పక్కపక్కన చూపాలి. అప్పుడు సర్వే నంబరు, పేరు, విస్తీర్ణం ఒకే చూపులో కనిపిస్తాయి. పరిచయంలో చెప్పిన ఇబ్బందికి పరిష్కారం ఇదే.

7.9 సారాంశం

శాసనం, తాళపత్రం, అచ్చు పుస్తకం వరకు పుట కొలతను తయారుచేసేవారు ముందుగా తెలుసుకునేవారు. వెబ్‌లో ఆ కొలత చదువరి చేతిలోని పరికరాన్ని బట్టి ఉంటుంది. మొదట సహజంగానే ఇమిడే గుణం ఉన్న వెబ్ పుటను 1990లలో స్థిరమైన వెడల్పుకు బిగించారు. ఫోన్లు వచ్చాక వేర్వేరు పుటలు, సర్వరు సహాయం, కుదింపు వంటి మార్గాలు ప్రయత్నించి, 2010లో ఒకే పుట అన్ని తెరలకూ ఇమిడే పద్ధతికి చేరారు. దీనికి సమాంతరంగా సొంత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు, కంప్యూటరు నుంచి ఫోనుకు తెలుగు లిపి ప్రయాణించింది. ఈ రెండూ కలిసిన చోటే తెలుగు పాఠకునికి వెబ్ అందుతుంది. మీరు ఉద్యోగంలో చేరినా, మీ ఊరి సంఘానికో బడికో వెబ్‌సైటు తయారుచేసినా, దాన్ని ముందుగా తక్కువ ధర ఫోనులో తెరిచి చూడండి. దాన్ని చదివేవారిలో ఎక్కువమంది అక్కడే చదువుతారు.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వెబ్ పుట స్థిరమైన వెడల్పు నుంచి తెరకు స్పందించే రూపానికి మారిన దశలను వివరించండి.
2. తెలుగు లిపి ఫోను తెర మీదికి చేరిన క్రమాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రెస్పాన్సివ్ వెబ్ డిజైన్‌లోని మూడు అంశాలేవి?
2. స్కాన్ చేసిన బొమ్మగా రాతను పెట్టడం వల్ల కలిగే నష్టాలను తెలపండి.

III. అభ్యాసకృత్యం
మీరు తరచుగా వాడే ఏదైనా తెలుగు వెబ్‌సైటును ఫోనులోను, వీలైతే ట్యాబ్లెట్‌లోను తెరవండి. 7.8లోని అయిదు విషయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, మీరు గమనించినవి ఒక పుటలో రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.